నీలిచేతికి నీరసం

లోకానికంతటికీ ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడు కాలాలుంటే, సీరియల్ రాసేవాడికి రెండే ఉంటాయి: సీజను ఉన్న కాలం, సీజను లేని కాలం. అంతకుముందు నేనొక పత్రికలో హాస్యం కాలమ్ రాసేవాణ్ణి. కాలమ్ పోయినా కాలం గడవాలి కదా అని సీరియల్లో చేరాను. ఇది మా మూడో సీజను నాటి సంగతి. బయట వానాకాలం. ఇంట్లో ఏ కాలమో చెప్పలేను. నాన్నగారు పోయిన కొత్త.

"మా ఇంట్లో ఒక సీరియల్, ఒక సీరియస్" అని నేను ఎవరొచ్చినా చెప్పేవాణ్ణి. సీరియల్ నేను. సీరియస్ మా చెల్లి. పెద్దాసుపత్రిలో నర్సు, పరిస్థితి సీరియస్ అన్నవాళ్ళని పడుకోబెట్టే వార్డులో. ఈ జోకు ఎన్నిసార్లు విన్నా నాన్నగారు మొదటిసారి విన్నట్టే నవ్వేవారు. ఆయన పోయింది ఆ వార్డులోనే, చెల్లి డ్యూటీలో ఉండగానే.

మా చెల్లి హస్తవాసి మంచిదని వీధి వీధంతా అనేవారు. జ్వరమొచ్చిన పిల్లలు డాక్టరు దగ్గర సూదికి ఏడ్చి, దాన్ని పట్టుకుని పరుగున మా ఇంటికొచ్చి చెల్లితో పొడిపించుకునేవాళ్ళు. అమ్మ గుమ్మంలో నిలబడి, తన చెయ్యే అయినంత గొప్పగా, "నొప్పి తెలియదు, మా అమ్మాయి హస్తవాసి అలాంటిది" అని చెప్పేది. "హస్తం దానిది, వాసి నీదీనా?" అని నేనంటే, "పోరా, వాసీ లేదు, రాశీ లేదు నీకు" అనేది. వేళాకోళంలో మా అమ్మకి నేను వారసుణ్ణి.

నాన్నగారు పోయిన రోజు మధ్యాహ్నం అమ్మా నేనూ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి స్నానాలు చేసి, ఉతికిన దుప్పటొకటి తీసుకుని తిరిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. చెల్లి వార్డు తలుపు బయట నిలబడి ఉంది. చేతులు రెండూ ముందుకి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా. అమ్మ దాని మొహం చూసింది. దుప్పటి నా చేతిలో పెట్టింది.

"నువ్వుండీ!" అంది.

ఆ ఒక్క మాటే. తర్వాత చెల్లితో మాట్లాడటం మానేసింది.

తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చెల్లి ఒక గదిలోకి వస్తే అమ్మ ఇంకో గదిలో పని గుర్తుతెచ్చుకునేది. మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "దాని బట్టలు ఆరాయని చెప్పరా." "అమ్మకి మాత్రలు అయిపోయాయేమో చూడన్నయ్యా." మా ఆవిడ చూసి చూసి, "మీకు రచయిత పోస్టు పోయినా పర్లేదు, పోస్టుమాన్ పోస్టు ఖాయం" అంది. నాతో ఇన్నేళ్ళు కాపురం చేస్తే ఎవరికైనా అంటుకుంటుంది.

అమ్మకి పొద్దున్నే షుగరు సూది పడాలి. అది ఎప్పుడూ చెల్లి పని. ఇప్పుడా పని నా నెత్తిన పడింది.

"పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటావేంట్రా? నన్ను పొడుస్తున్నావా, నా మీద సంతకం పెడుతున్నావా?"

"చెల్లి అక్కడే ఉందమ్మా. పిలవనా?"

"నువ్వు పొడువు."

చెల్లి వంటింటి గడప దగ్గర టీ గ్లాసుతో నిలబడి ఇదంతా చూస్తోంది. నేను సూది పెట్టే చోటు తప్పితే దాని చెయ్యి దానంతటదే కాస్త లేచి, మళ్ళీ కిందికి దిగింది. గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లిగా అంది: "ఆసుపత్రి వెనక వీధిలో గది చూసుకున్నానన్నయ్యా. నెలాఖరుకి వెళ్ళిపోతాను."

"నా మీద అలిగా?"

"నీ మీద అలిగేంత తీరిక నాకెక్కడిది?" అంది. నవ్వింది కూడా. "నేను కనబడకపోతే అమ్మ కాస్త తింటుందేమో. నన్ను చూసినప్పుడల్లా అక్కడే ఆగిపోతోంది."

నెలాఖరంటే ఎంతో దూరం లేదు. ఒకసారి మా చెల్లి ఆ గుమ్మం దాటి వేరే గదిలో సామాను సర్దుకుందంటే ఆ రెండు మొండి ఘటాలూ ఇక కలవవని నాకు తెలుసు. పండగలకీ పబ్బాలకీ వస్తుంది, కూర్చుంటుంది, వెళ్తుంది. మాట్లాడుకోకపోవడం వాళ్ళకి అలవాటైపోతుంది. అదే నా భయం.

ఇక నా ఉద్యోగం సంగతి.

మా సీరియల్లో హీరోని అందరూ నీలిచెయ్యి అనేవారు. ఒక తోకచుక్క ముక్క రాలి అతని కుడి అరచేతిలో ఇంకిపోతుంది. అప్పట్నుంచి ఆ అరచెయ్యి నీలంగా వెలుగుతుంది, దేన్ని ముట్టుకుంటే అది బాగైపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ముట్టుకుంటే అన్నీ బాగైపోతే మాకు కథ ఎక్కణ్ణుంచి వస్తుంది? అదీ మా గొడవ. మొదటి సీజన్లో అతను వంతెన కింద నలిగినవాళ్ళని లేపాడు. ఊపిరి ఆగిన గుర్రాన్ని లేపాడు. చెడిపోయిన లిఫ్టుని కూడా నయం చేశాడు. ఆ వారం మాకు ఇంకేమీ తోచలేదు. రెండో సీజన్లో అదే మనిషి తన జలుబు తగ్గించుకోలేక మూడు వారాలు తుమ్మాడు. నటుడికి నిజంగానే జలుబు చేసింది మరి. "శక్తి సొంతానికి పనిచెయ్యదు" అని ఒక డైలాగు రాసి గండం గట్టెక్కాం. తర్వాత తన భుజంలో దిగిన గుండుకి తనే చెయ్యి అడ్డం పెట్టి నయం చేసుకున్నాడు. జలుబుకి లేని శక్తి తూటాకెలా వచ్చిందని చూసేవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. శక్తి వాడిది, యుక్తి మాది, విరక్తి వాళ్ళది.

ఈ చిక్కులన్నిటికీ మేం కథ రాసే గదిలో ఒకే మందుండేది. దాని పేరు నీరసం. హీరో చెయ్యి పెడితే కథ అయిపోతుంది అనుకున్నచోటల్లా అతనికి నీరసం వస్తుంది. చెయ్యి మినుకుమినుకుమని ఆరిపోతుంది. మోకాళ్ళ మీద కూలబడతాడు. "గురువుగారూ, ఇక్కడొక నీరసం కొట్టండి" అనేవాడు మా దర్శకుడు, టీలో పంచదార వెయ్యమన్నట్టు. నా వయసులో సగం ఉంటుంది, కానీ మనిషి మంచివాడు.

ఆ వానాకాలంలో మాకు కొత్త చిక్కు వచ్చిపడింది. హీరో తండ్రి వేషం వేసే పెద్దాయనకి ఇంకో సీరియల్లో విలన్ వేషం దొరికింది. ఆయన వెళ్ళిపోతున్నాడు.

"చంపేద్దాం," అన్నాడు దర్శకుడు.

"చేతిలో అంత దీపం పెట్టుకున్న కొడుకు పక్కనుండగా తండ్రి ఎలా పోతాడయ్యా?"

"నీరసం."

"తండ్రి పోతూంటే నీరసమా?"

"పోయినసారి పట్నం మునిగిపోతూంటే వచ్చింది కదండీ. అప్పుడు మీరేమీ అనలేదు."

నిజమే, అనలేదు. ఊళ్ళు మునిగినప్పుడు అనలేదు. కానీ ఈసారి నా కళ్ళ ముందు మా ముందుగది కనిపించింది. ఏ పనున్నా వదిలేసి సాయంత్రం టీవీ ముందు కూర్చునే అమ్మ కనిపించింది. ఆ మధ్య ఒక దారినపోయే దానయ్య మా హీరో నీరసం కారణంగా పోతే, అమ్మ నన్ను గుచ్చి గుచ్చి అడిగింది: "లిఫ్టుని బాగుచేశాడు కదరా. లిఫ్టు పాటి చెయ్యలేదా ఆ మనిషి?" దానయ్యకే అంత అడిగిన మనిషి. ఇప్పుడు తెర మీద వెలిగే చెయ్యి ఉంటుంది. తండ్రి ఉంటాడు. వెలిగే చెయ్యి ఆరిపోతుంది, తండ్రి పోతాడు. అమ్మ చూస్తుంది. పక్కగదిలో చెల్లి వింటుంది.

"ఒక వారం ఆగు, వేరే కారణం తెస్తాను," అన్నాను.

"కారణం ఏదైనా కరుణం ఉంటే చాలు," అన్నాడు. ఇదీ నా దగ్గర నేర్చిందే.

ఎన్ని కారణాలు రాశానో. చెయ్యి ఎవరో దొంగిలించారు. తోకచుక్క తన ముక్క తిరిగిమ్మంది. హీరో సమయానికి రాలేదు, రైలు ఆలస్యం. నీలిచేతికి గ్రహణం. ఏది రాసినా అది నీరసానికి పెట్టిన మారుపేరే. చివరికి వాన పడుతున్న ఒక మధ్యాహ్నం చెల్లి డ్యూటీ దిగే వేళకి గొడుగు పట్టుకుని ఆసుపత్రి ముందు బస్టాపుకి వెళ్ళాను. రేకు కప్పు కింద ఇద్దరం నిలబడ్డాం. కప్పు మీద వాన మోత. దాని వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. రోజంతా కడుగుతూనే ఉంటుంది మరి.

"ఒక సీరియస్ విషయం," అన్నాను.

"నీకా?"

"నీలిచెయ్యి నాన్న పోవాలి. శక్తి ఉన్న కొడుకు పక్కనే ఉండాలి. ఎందుకు బతికించలేదంటే ఏం చెప్పాలి? నీకేమైనా తడుతుందా?"

"డ్యూటీ దిగాడనుకో," అంది.

నవ్వాను. అది నవ్వలేదు. రోడ్డు మీద నీళ్ళు కాలవ కట్టి పోతూంటే చూస్తోంది. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. అది మాదే. చెల్లి ఎక్కలేదు.

"వాళ్ళ నాన్న వద్దన్నాడేమో," అంది.

"ఎందుకంటాడు?"

"చాలనిపించి."

నేను గొడుగు తిప్పాను. రచయితకి దారి దొరికితే చేతులు ఊరుకోవు. "అబ్బ! అదేనే! శక్తి ఉంది, ఇవ్వడానికి వీడు సిద్ధం, పుచ్చుకోవడానికి ఆయన సిద్ధంగా లేడు. ఏ సిద్ధాంతానికీ అడ్డం రాదు. వాడుకోనా?"

"వాడుకో," అంది. "ఆయన్ని ఏడిపించకు. పెద్ద మాటలేవీ పెట్టకు. ఇంకాస్త మంచినీళ్ళు తాగుతారా అంటే వద్దులే అంటాం చూడు, అలా అనాలి."

"కొడుకు ఊరుకుంటాడా?"

"ఎందుకు ఊరుకుంటాడు? బతిమాలతాడు. వినకపోతే కోప్పడతాడు కూడా." వాన జల్లు మొహం మీద పడితే మోచేత్తో తుడుచుకుంది. "ఇంకొకటన్నయ్యా. ఆ నీలం వెలుగు ఉంటుంది కదా, అది ఆర్పకు. చివరిదాకా వెలుగుతూనే ఉండాలి. చేతకాక ఊరుకున్నాడని ఎవరూ అనుకోకూడదు."

ఇలాంటి సలహా మా దర్శకుడు ఇచ్చి ఉంటే ఎత్తుకుని తిప్పేవాణ్ణి. చెల్లిని అడిగింది మాత్రం ఒకటే: "పోవడానికి ఎంతసేపు పెట్టమంటావు?"

"ఎక్కువసేపు పట్టదు," అంది చెల్లి. రెండో బస్సు వచ్చింది, ఎక్కాం.

సీను ఒక్క ఊపులో రాశాను. కొట్టివేతలు లేవు, జోకులూ లేవు. దర్శకుడు చదివి తల గోక్కున్నాడు.

"బాగుంది గురువుగారూ. కానీ చెయ్యి వెలుగుతూ ఉండగా తండ్రి పోతే జనం టీవీల మీద చెప్పులు విసురుతారు. వెలుగు తీసేద్దాం. చివర్లో చిన్న నీరసం..."

"ఆ దీపం ఆర్పితే ఇంకో రచయితని వెతుక్కో."

"అంత మాటెందుకండీ!"

"ఎంత మాటో నాకూ తెలీదయ్యా. ఆర్పకు."

సెట్టు మీద మంచం వేశారు. హీరో వేషం వేసే కుర్రాడి అరచేతికి చిన్న దీపాలు అంటించారు. పెద్దాయన పడుకుని కాగితం రెండుసార్లు చదివాడు. చదివి, మంచం మీంచే దర్శకుణ్ణి పిలిచాడు.

"లైటు ఉంచు బాబూ. పోయేది నేను."

దర్శకుడు లైటు ఉంచాడు.

అది ప్రసారమైన సాయంత్రం కూడా వానే. అమ్మ తన కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ బీన్స్ తుంచుతూ నేలమీద. చెల్లికి ఆ రాత్రి డ్యూటీ. తెల్లబట్టలు ఇస్త్రీ చేసి కట్టుకుని, వాన తగ్గితే బయల్దేరదామని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికీ కాదు, బయటికీ కాదు. గది అద్దెకి తీసుకున్నాక ఇంట్లో అది నిలబడే చోటు అదే అయింది.

తెర మీద పెద్దాయన మంచం మీద ఉన్నాడు. కొడుకు పరుగున వచ్చి చెయ్యి చాపాడు. అరచెయ్యి నీలంగా వెలిగింది. మా ముందుగది గోడల మీద కూడా ఆ నీలం పడింది.

"వద్దులే నాన్నా," అన్నాడు పెద్దాయన, మంచినీళ్ళు వద్దన్నట్టే. "చాలు."

"నేనుండీ ఊరుకోనా?" అన్నాడు కొడుకు.

ఆ మాట నేను కావాలని పెట్టలేదు. రాస్తూంటే అదే వచ్చింది.

అమ్మ కదల్లేదు. కొడుకు బతిమాలాడు. కోప్పడ్డాడు. పెద్దాయన అతని మణికట్టు పట్టుకుని, వెలుగుతున్న అరచేతిని పక్కకి పెట్టాడు. వెలుగు ఆరలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాక కూడా ఆరలేదు. తర్వాత ప్రకటనలు వచ్చాయి. ఒక సబ్బు పాట పాడుతూ వచ్చింది. మా ఆవిడ లేచి టీవీ కట్టేసింది.

"ఇది నువ్వు రాశావా?" అంది అమ్మ, నావైపు తిరక్కుండానే.

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

"అదేంటమ్మా, రచయితకి ఒకరు చెప్పాలా?"

"నువ్వయితే ఆ మంచం దగ్గర కూడా ఒక వేళాకోళం పెట్టేవాడివి. నీకెవరు చెప్పార్రా?"

నేను గుమ్మం వైపు చూశాను. చూశాక గానీ నేనెందుకు చూశానో నాకు అర్థం కాలేదు. బస్టాపు, ఎక్కని బస్సు, "ఆర్పకు" అన్న మాట, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. చెల్లి తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నారు?" అంది అమ్మ.

అలవాటు కొద్దీ నేను చెల్లికి మాట అందించబోయాను. "అమ్మ అడుగుతోంది, ఏమన్నారనీ..."

"నువ్వుండరా. దాన్నే అడిగాను."

చెల్లి తలుపు చట్రం వదిలింది. "ఊపిరికి గొట్టం వెయ్యడానికి అంతా సిద్ధం చేశానమ్మా. పెద్ద డాక్టరు పక్కనే ఉన్నారు. నాన్న తల అడ్డంగా ఊపారు. వద్దులే, చాలన్నారు."

"తెలివిలో ఉండే అన్నారా?"

"తెలివిలోనే. డాక్టరు రెండోసారి అడిగారు, అప్పుడూ అదే అన్నారు. అమ్మొచ్చేదాకా ఆగండి నాన్నా అన్నాను. అది వస్తే ఒప్పుకోదు, ఇప్పుడే కానియ్యి అన్నారు."

మా ఆవిడ బీన్స్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఒప్పుకునేదాన్ని కాదు," అంది అమ్మ. "చొక్కా గుడ్డ కొనాలన్నా నన్నడిగే మనిషి. ఇదొక్కటీ అడగలేదు." చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నిన్ను తప్పించుకుని వెళ్ళారని చెప్పనా? నా చేతకాలేదనుకుంటేనే నయమనిపించింది."

"నువ్వెలా ఒప్పుకున్నావు?"

"నేనూ ఒప్పుకోలేదమ్మా," అంది చెల్లి. "నా చెయ్యి పట్టుకున్నారు, గట్టిగా. విడిపించుకోవచ్చు. ఆయనకేం బలముంది? విడిపించుకోలేదు."

అమ్మ కుర్చీలో వెనక్కి తిరిగింది. ఆ సీజను మొత్తంలో చెల్లి మొహంలోకి చూడటం అదే మొదలు.

"ఏ చెయ్యి?" అంది.

చెల్లి నాలుగడుగులు లోపలికి వచ్చి కుడిచెయ్యి చాపింది. అమ్మ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని బోర్లా తిప్పింది, వెల్లకిలా తిప్పింది. మణికట్టు దగ్గర, ఆయన వేళ్ళు పడి ఉండే చోట, బొటనవేలితో రాసింది.

"డ్యూటీకి ఇంకా టైముందా?"

"ఉంది."

"అయితే కూర్చో," అంది అమ్మ, ఆ చెయ్యి వదలకుండా. "మొదట్నుంచీ చెప్పు."